సంతకాలు నిండాయి, సబ్బు తగ్గలేదు

హనుమకొండలో, కొత్తగా టీం బాధ్యతలు తీసుకున్న ఉద్యోగుల కోసం జరిగిన ఒకరోజు సమావేశంలో విశ్రాంత హెడ్ నర్సు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. భోజనాలు అయ్యాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బయట ఎండ దంచుతోంది. ఇలాంటి టైంలో నాకు మైకు ఇచ్చారంటే నిర్వాహకులకు నా మీద నమ్మకమైనా ఉండాలి, కోపమైనా ఉండాలి. నిద్ర వస్తే కునుకు తీయండి, నేనేమీ అనుకోను. ముప్పై ఏళ్లు నైట్ డ్యూటీలు చేసినదాన్ని, నిద్ర విలువ నాకు తెలుసు.

వెనక బ్యానర్ మీద మోటివేషనల్ స్పీకర్ అని రాశారు. దయచేసి దాన్ని నమ్మకండి. నేను నర్సుని. చివరి పదకొండేళ్లు ఒక సర్కారు దవాఖానాలో పసిపిల్లల వార్డుకు హెడ్ నర్సుగా చేశాను. ఏ దవాఖానా అని అడగొద్దు. ఈరోజు చెప్పబోయేవి చాలావరకు నేను చేసిన తప్పులు. నా తప్పులకు ఆ బిల్డింగును ఎందుకు బద్నాం చేయడం?

పసిపిల్లల వార్డంటే పుట్టి 28 రోజులు దాటని పిల్లలు ఉండే చోటు. ఎస్‌ఎన్‌సీయూ అంటారు. ఊళ్లలో ‘పాపను గ్లాసు పెట్టెలో పెట్టిండ్రు’ అంటారే, అది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, పుట్టగానే ఏడవనివాళ్లు, కామెర్లు ఎక్కువై నీలం లైటు కింద పడుకున్నవాళ్లు. కొందరు కిలో కూడా ఉండరు. కిలో అంటే ఒక చక్కెర ప్యాకెట్. ఆ ప్యాకెట్‌కు కళ్లు, ముక్కు, గోళ్లు ఉన్నాయనుకోండి. అంత చిన్న ప్రాణం తీయడానికి మన చేతి మీది క్రిమి చాలు. మందులు, మెషీన్లు అన్నీ తర్వాత. ముందు చేతులు. వార్డులోకి వచ్చేటప్పుడు మోచేతుల దాకా రెండు నిమిషాలు కడగాలి. ఒక బిడ్డను ముట్టుకుని ఇంకో బిడ్డ దగ్గరికి పోయే ముందు మళ్లీ కడగాలి. ఇది ఫస్టియర్ నర్సింగ్ పిల్లకు కూడా తెలుసు. మా వార్డులో తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. ఈ మాట మాత్రం మనసులో పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. తెలియక కాదు.

నేను హెడ్ నర్సుగా చేరిన కొత్తలో ఒక రిజిస్టర్ పెట్టించాను. చేతులు కడిగినట్టు ప్రతి షిఫ్టులో ప్రతి ఒక్కరూ సంతకం పెట్టాలి. డేటు, టైము, సంతకం. నెల తిరిగేసరికి రిజిస్టర్ నిండింది. ఒక్క ఖాళీ లేదు. చూసుకుని మురిసిపోయాను. డాక్టర్లకు చూపించాను, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించాను. అందరూ శభాష్ అన్నారు.

మా వార్డులో ఒక ఆయమ్మ ఉండేది. ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసేది. తుడవడం, కడగడం, చెత్త తీయడం ఆమె పని. ఒకరోజు సింకు తోముతూ, నా వైపు చూడకుండానే అంది: “మేడం, సంతకాలైతే మస్తుగున్నయ్. గీ సబ్బు సీస పెట్టి పది దినాలాయె. ఇంకా సగం గూడ దిగలే.”

నాకు చెంపదెబ్బ కొట్టినట్టయింది. అంతమంది నర్సులు, అన్ని షిఫ్టులు, అన్నిసార్లు కడిగితే ఆ సీసా మూడు నాలుగు రోజులు కూడా రావద్దు. రిజిస్టర్ నిండింది, సబ్బు తగ్గలేదు. నేను తయారు చేసింది సంతకాలు పెట్టే టీంను. చేతులు కడిగే టీంను కాదు.

ఇక్కడ బ్యాంకు వాళ్లున్నారు, స్కూలు హెడ్మాస్టర్లున్నారు, మడికొండ ఐటీ పార్కు నుంచి వచ్చిన పిల్లలున్నారు, మహిళా సంఘాల అక్కలున్నారు. మీ దగ్గర ఆ రిజిస్టర్ ఏది? ఒకసారి ఆలోచించండి. నిండుగా కనిపించేది ఏది, తగ్గకుండా మిగిలిపోతున్న సబ్బు ఏది? నాకు చెప్పక్కర్లేదు. మీకు తెలుసు.

సరే, తెలిసింది. తెలిశాక నేనేం చేశాను? అందరూ చేసేదే చేశాను. మెమో ఇచ్చాను. ‘విధుల పట్ల శ్రద్ధ లేదు’ అని రాశాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తుంది, ఎందుకో తర్వాత చెప్తా. మెమో అయ్యాక బహుమతి పెట్టాను. నెలకొకసారి ఉత్తమ నర్సు, గోడ మీద ఫొటో, ఒక స్టీలు డబ్బా. డబ్బా నా సొంత డబ్బులతో కొన్నాను, స్టేషన్ రోడ్డులో బేరమాడి మరీ.

ఏం జరిగింది? నేను వార్డులో ఉన్నంతసేపు సింకు దగ్గర క్యూ. నేను స్టోర్ రూముకు పోతే క్యూ లేదు. మొదటి నెల డబ్బా గెలిచిన అమ్మాయితో మిగతావాళ్లు పదిహేను రోజులు సరిగా మాట్లాడలేదు. రెండో నెల గెలిచినామె నా దగ్గరికి వచ్చి “మేడం, వచ్చే నెల నా పేరు రాయకండి, మీకు పుణ్యముంటది” అంది. మూడో డబ్బా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, అందులో చింతపండు పోసుకున్నాను.

పిల్లలున్నవాళ్లు ఒక సంగతి వినండి. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మానసిక శాస్త్రవేత్తలు ఒక నర్సరీ స్కూల్లో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి ‘బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి ఏమీ చెప్పకుండా, గీశాక ఇచ్చారు. కొందరికి అసలు ఇవ్వలేదు. కొన్నాళ్లకు స్కెచ్ పెన్నులు మామూలుగా ముందు పెట్టి చూశారు. సర్టిఫికెట్ కోసం గీసిన పిల్లలు మిగతావాళ్లలో సగం సేపే వాటిని ముట్టుకున్నారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు ఇష్టం తగ్గలేదు. బహుమతి చెడ్డది కాదన్నమాట. ‘ఇది చేస్తే అది ఇస్తా’ అని ముందే బేరం పెట్టడంలోనే ఉంది చిక్కు. ఇష్టంగా చేసే పని కూలి పని అయిపోతుంది. కూలి ఆగితే పనీ ఆగుతుంది.

జరిమానా సంగతి కూడా చెప్పేస్తా, అది ఇంకా సిగ్గుచేటు. మాకు పొద్దున ఎనిమిదింటికి షిఫ్టు మారుతుంది. రాత్రంతా మేల్కొన్న అమ్మాయి, పొద్దుటి అమ్మాయి వచ్చేదాకా కదలడానికి లేదు. పసిపిల్లల్ని వదిలి పోకూడదు కదా. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు ఆలస్యం, రోజూ గొడవ. నేనొక డబ్బా పెట్టాను. (నాకు డబ్బాల పిచ్చి ఉన్నట్టుంది.) ఆలస్యమైతే ఇరవై రూపాయలు అందులో వేయాలి, ఆ డబ్బుతో అందరికీ చాయ్. నాకు చాలా తెలివైన ఆలోచన అనిపించింది. రెండు వారాల్లో చాయ్ బ్రహ్మాండంగా నడిచింది. ఆలస్యం పెరిగింది! ఇంతకుముందు పరిగెత్తుకుంటూ వచ్చి “సారీ అక్కా, బస్సు దొరకలే” అని నైట్ డ్యూటీ ఆమె చెయ్యి పట్టుకునే పిల్ల, ఇప్పుడు నిదానంగా వచ్చి, ఇరవై వేసి, చీర సర్దుకుంటోంది. సారీ లేదు. ఎందుకుంటుంది? పైసలు కట్టేసింది కదా.

చాలా ఏళ్లకు తెలిసింది, ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఇదే జరిగిందని. పిల్లల్ని సాయంత్రం ఆలస్యంగా తీసుకుపోయే తల్లిదండ్రులకు కొన్ని డే కేర్ సెంటర్లలో జరిమానా పెట్టి చూశారు. గ్నీజీ, రుస్టిచినీ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు 2000లో ఆ ఫలితాలు ప్రచురించారు. జరిమానా పెట్టాక ఆలస్యంగా వచ్చేవాళ్లు పెరిగారు. తీసేశాక కూడా తగ్గలేదు. ఆ రెండో ముక్క దగ్గర ఆగండి. తీసేశాక కూడా తగ్గలేదు! మా డబ్బా తీసేశాక మా దగ్గరా అంతే. మనుషుల మధ్య మొహమాటం అనేది ఒకటుంటుంది, దాన్ని ఇరవై రూపాయలకు అమ్మేశాను. తిరిగి కొనుక్కోవడానికి నాకు ఏడాది పట్టింది.

చేతులు కడిగే కథలో అసలు పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన గురించి చెప్పకపోతే మా వృత్తికి ద్రోహం. సెమ్మెల్‌వైస్ అని హంగరీ డాక్టరు. 1847లో వియన్నా ఆసుపత్రిలో పనిచేసేవాడు. అక్కడ రెండు కాన్పుల వార్డులు. ఒకదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పు చేసేవారు. రెండోదాంట్లో మంత్రసానులు. డాక్టర్ల వార్డులో బాలింతలు జ్వరంతో ఎక్కువగా చనిపోయేవారు. డాక్టర్లు శవాలను కోసి, ఆ చేతులతోనే కాన్పులకు వస్తున్నారని ఆయన పట్టుకున్నాడు. బ్లీచింగ్ లాంటి క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. ఆ ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన వార్డులో జూన్‌కి ఇద్దరికి పడిపోయింది. నూటికి 18 నుంచి 2! ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కానీ ఆయన్ను నమ్మలేదు. 1849లో ఆ ఉద్యోగం పోయింది. తర్వాత తర్వాత ఆయనకు కోపం పెరిగింది. వినని డాక్టర్లను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. 1865లో పిచ్చాసుపత్రిలో, గాయం చీము పట్టి చనిపోయాడు. ఆయన్ను తిరస్కరించడానికి కారణాలు చాలా ఉన్నాయి, క్రిముల వల్ల రోగాలొస్తాయన్న సంగతి అప్పటికి ఇంకా రుజువు కాలేదు, ఆయన తన లెక్కల్ని సరిగ్గా రాసి ప్రచురించడానికి ఏళ్లు తీసుకున్నాడు. అవన్నీ ఒప్పుకుంటా. కానీ నాకు ఆ లేఖలే గుర్తొస్తాయి. హంతకుడా అని పిలిపించుకున్న మనిషి చేతులు కడుక్కుంటాడా? చేతులు వెనక్కి దాచుకుంటాడు. నా మెమో కూడా చిన్నసైజు సెమ్మెల్‌వైస్ లేఖే. ఆయనైనా నిజంగా గొప్పవాడు, నాకు ఆ గొప్పతనం కూడా లేదు.

బతుకమ్మకు టీఏ డీఏ ఎవరిచ్చారు?

ఇక్కడున్న ఆడవాళ్లను ఒకటి అడుగుతా. సద్దుల బతుకమ్మ నాడు తెల్లారకముందే లేచి తంగేడు పువ్వుకు పోతారే, మిమ్మల్ని ఎవరు పంపించారు? గునుగు పూలకు రంగులద్దితే చేతులకు వారం దాకా పోదు, దానికి అలవెన్సు ఉందా? నడుము పడిపోయేలా పేర్చి, నెత్తిన పెట్టుకుని పద్మాక్షి గుట్ట దాకా మోసుకుపోతారు, టీఏ డీఏ ఎవరిచ్చారు? సూపర్‌వైజర్ ఎవరు? రిజిస్టర్ ఏది?

నవ్వుతున్నారు. నేనూ ఒకరోజు నవ్వాను, తర్వాత నోరు పడిపోయింది. మెమోలు ఇచ్చిన ఏడాదే దసరా ముందు, నైట్ డ్యూటీ దిగి, ఒక్క గంట కూడా పడుకోకుండా బతుకమ్మ పేర్చి, ఆడి, నిమజ్జనం చేసి, మళ్లీ రాత్రి ఎనిమిదింటికి డ్యూటీకి వచ్చిన పిల్లలు మా వార్డులో ముగ్గురు. చేతులకు ఇంకా గులాబీ రంగు. ఆ ముగ్గురి గురించి నేను రాసిన మాటేమిటి? శ్రద్ధ లేదు! అందుకే ఆ మాట పొడుస్తుందన్నాను.

శ్రద్ధ ఉంది. కావలసినంత ఉంది. అది నా వార్డు గుమ్మం బయట చెప్పులతో పాటు ఆగిపోతోంది. అలా ఆగిపోవడానికి నేను లోపల ఏం చేస్తున్నాను? అడగాల్సిన ప్రశ్న అది. నేనేమో అప్పటిదాకా వీళ్లలో మోటివేషన్ ఎలా నింపాలి అని ఆలోచిస్తున్నాను, వాళ్లేదో ఖాళీ బిందెలైనట్టు.

బతుకమ్మలో ఏముందో చూడండి. ఎంత ఎత్తు పేర్చాలో, ఏ వరసలో ఏ పువ్వో మీ ఇష్టం. ఏడాదికేడాది చెయ్యి తిరుగుతుంది, అది కంటికి కనబడుతుంది. పక్కన అత్తలు, వదినలు, వాడకట్టు మొత్తం ఉంటుంది. డెసీ, రయాన్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఇదే పరిశోధించారు. మనిషి తనంతట తాను పని చేయాలంటే తన ఇష్టం కొంత ఉండాలి, చేతనవుతోందన్న భరోసా ఉండాలి, నా వాళ్లు అనుకునే మనుషులుండాలి అన్నారు. వాళ్లు బతుకమ్మ చూసి ఉండరు. చూస్తే వాళ్లకు పని సులువయ్యేది.

సరే, ఉపన్యాసం ఎక్కువైంది. ఏం చేశామో చెప్తా.

ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టు మారే టైంలో అందర్నీ కూర్చోబెట్టి, రిజిస్టర్ పక్కన పడేసి ఒక్కటే అడిగాను. “చేతులు కడగడానికి ఏం అడ్డం వస్తోంది?” ఎందుకు కడగట్లేదు అని కాదు. ఆ రెండు ప్రశ్నలకు తేడా ఉంది. ఎందుకు అంటే నేరం అడిగినట్టు. ఏం అడ్డం అంటే కష్టం అడిగినట్టు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మెమోలు ఇచ్చిన మనిషి ముందు ఎవరు నోరు తెరుస్తారు? చివరికి అందరికంటే చిన్నపిల్ల ఒకతి అంది: “మేడం, మోచేత్తో తిప్పే కుళాయి పాడై ఆరు నెలలైంది. చేతులు కడిగాక మళ్లీ అదే చేత్తో కట్టాలి. ఇగ కడిగి ఏం లాభమని...”

ఆరు నెలలు! ఇంకొకామె చేతులు చూపించింది. ఆ సబ్బుకు చర్మం పగిలి, వేళ్ల సందుల్లో రక్తం. ఇంటికి పోయి కారం ముట్టుకుంటే ఏడుపొస్తుందట. ఇంకొకామె, సింకు ఆ మూలనుంది, పన్నెండు మంది పిల్లలకు రాత్రి ఇద్దరమే ఉంటాం, మూడో బిడ్డ ఊపిరి ఆపితే సింకు దాకా నడవాలా, బిడ్డను పట్టుకోవాలా అంది.

వీళ్లకు లోపలి ప్రేరణ లేదని నేను ఇంతకాలం అనుకున్నాను. లేనిది కుళాయి.

ఆ కుళాయి బాగు చేయించడానికి నాకు పదకొండు రోజులు, నాలుగు కాగితాలు, ఒక పోట్లాట పట్టింది. ప్రతి వార్మర్ పక్కన, అంటే బిడ్డను వెచ్చగా పడుకోబెట్టే మెషీన్ పక్కన, చేతులకు రాసుకునే శానిటైజర్ సీసా పెట్టించాను. చర్మానికి కొబ్బరినూనె డ్యూటీ అయ్యాక రాసుకోమని సీసా తెచ్చిపెట్టాను. ఇందులో గొప్ప నాయకత్వం ఏముంది చెప్పండి? ప్లంబర్ పని. కానీ ఆ పదకొండో రోజు కుళాయి మోచేత్తో తిరిగినప్పుడు, ఆ చిన్నపిల్ల ముఖం చూడాలి. తన మాటకు నీళ్లొచ్చాయి.

నాలుగో నంబరు వార్మరోడు

రెండో సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, కాబట్టి కొంచెం సాగదీస్తా.

మా దగ్గర బిడ్డలు డిశ్చార్జయ్యాక చెకప్‌కు వస్తారు. కానీ ఎక్కడికి? కింద ఓపీకి. మా వార్డు పైన. అంటే మా నర్సులు బిడ్డను ఎప్పుడు చూస్తారు? తొమ్మిది వందల గ్రాములున్నప్పుడు, నీలంగా ఉన్నప్పుడు, ట్యూబులున్నప్పుడు. కొంచెం బాగుపడగానే బిడ్డ వెళ్లిపోతాడు, ఆ వార్మర్‌లోకి ఇంకో నీలం బిడ్డ వస్తాడు. మంచిగైనవాడు మళ్లీ కనబడడు. చనిపోయిన బిడ్డ మాత్రం కళ్లముందే చనిపోతుంది. ఇలా పదేళ్లు పనిచేసిన మనిషి మనసులో ఏ లెక్క మిగులుతుంది? ఓడిపోయిన లెక్కే మిగులుతుంది.

డాక్టర్ గారితో మాట్లాడి ఒక చిన్న మార్పు చేశాం. చెకప్‌కు వచ్చిన తల్లి, ఇష్టమైతే, బిడ్డను మా వార్డు వరండా దాకా తెచ్చి చూపించి పోవాలి. అంతే. మొదటి వారం ఒక తల్లి వచ్చింది, పరకాల వైపు ఊరు. పదకొండు వందల గ్రాములతో పుట్టిన పిల్లాడు, ఇప్పుడు ఎనిమిది నెలలు, బుగ్గలు ఇలా ఉన్నాయి. చాక్లెట్లు తెచ్చింది. ఆ సబ్బు సీసా లెక్క పెట్టిన ఆయమ్మ పరిగెత్తుకొచ్చి వాణ్ని ఎత్తుకుని, “వీడు మా నాలుగో నంబరు వార్మరోడు గదా! ఏం రా, గింతుంటివి, గింతయితివి!” అంటూ ఏడుస్తోంది, నవ్వుతోంది. వాడు ఆమె ముక్కుపుల్ల పట్టుకుని వదలడు. మెమోలు తీసుకున్న నర్సు ఒకామె, ఆమె పేరు చెప్పను, వాణ్ని ఎత్తుకోబోయి ఒక్క క్షణం ఆగింది. వెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది. అది వరండా. అక్కడ ఎవరూ కడుక్కోమనలేదు. నేను చూశాను. ఏమీ అనలేదు. అని ఉంటే పాడయ్యేది.

దీని మీద కూడా పరిశోధనలు ఉన్నాయి, అది నా గొప్ప కాదు. ఆడమ్ గ్రాంట్ అనే ఆయన అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులను పరిశీలించాడు. ఆ విరాళాలతో చదువుకున్న ఒక విద్యార్థిని తెచ్చి, ఐదు నిమిషాలు వాళ్లతో మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం రెట్టింపు దాటింది. ఆయనే, హాఫ్‌మన్ అనే ఇంకొకాయనతో కలిసి, ఒక ఆసుపత్రిలో సబ్బు దగ్గర రెండు రకాల బోర్డులు పెట్టి చూశాడు. ఒకదాని మీద, చేతులు కడిగితే మీకు రోగాలు రావు అని. ఇంకోదాని మీద, రోగులకు రోగాలు రావు అని. 2011లో ఫలితాలు వచ్చాయి. మీకు అన్న బోర్డు వల్ల తేడా రాలేదు. రోగులకు అన్న బోర్డు దగ్గర సబ్బు ఎక్కువ ఖర్చయింది. ఒక్క మాట తేడా. చూశారా, వాళ్లూ సబ్బునే కొలిచారు, సంతకాలు కాదు. మా ఆయమ్మ ఆ పరిశోధన వాళ్లకు తక్కువేం కాదు.

షిఫ్టు ఆలస్యం సంగతి మధ్యలో వదిలేశాను కదా. డ్యూటీ చార్టు వాళ్లనే వేసుకోమన్నాను. నావి రెండే షరతులు: ఏ షిఫ్టులోనూ ఇద్దరూ కొత్తవాళ్లే ఉండొద్దు, వరసగా నైట్లు ఒక్కరి మీదే పడొద్దు. మిగతాది మీ ఇష్టం. మొదటి నెల జుట్లు పట్టుకున్నారు, నిజం చెప్తున్నా. రెండో నెల తెలిసింది, నర్సంపేట నుంచి వచ్చే అమ్మాయి బస్సు ఎప్పుడూ ఎనిమిది దాటాకే దిగుతుందని, ఆమెకు పొద్దుటి షిఫ్టు వేయడమే నా తప్పని. ఆమె మధ్యాహ్నానికి మారింది. మధ్యాహ్నం పిల్లల స్కూలున్న ఇంకొకామె పొద్దుటికి వచ్చింది. నాకు తెలియని ఇళ్ల సంగతులు వాళ్లకు ఒకరివి ఒకరికి తెలుసు. నేను ఆఫీసులో కూర్చుని స్కేలు పెట్టి గీసిన చార్టులో అవెలా వస్తాయి?

మీకు దగ్గరి ఉదాహరణ ముల్కనూరు. అక్కడి మహిళల పాల డెయిరీ 2000లో మొదలైంది. సభ్యులంతా ఆడవాళ్లే, పాలకవర్గమూ వాళ్లే. పేరు స్వకృషి. మా బంధువుల్లో ఒకావిడ అక్కడ పాలు పోస్తుంది. పాలలో నీళ్లు కలిపినవాళ్లను చూస్తే ఇన్‌స్పెక్టర్ కంటే ముందు ఆమే తిడుతుంది. ఎందుకు వదినా నీకంత బాధ అంటే, “మా డెయిరీ గదా” అంటుంది. ఆ ‘మా’ అనే అక్షరాన్ని జీవోతో తేలేం.

ఇప్పుడు చేదు మాట ఒకటి. ఒకసారి ఔట్‌సోర్సింగ్ వాళ్లకు మూడు నెలలు జీతం రాలేదు. ఆయమ్మలు చిరాగ్గా ఉన్నారు, పని మందగించింది. నేను, బుద్ధిలేనిదాన్ని, వాళ్లను కూర్చోబెట్టి సేవాభావం గురించి ఇరవై నిమిషాలు చెప్పాను. మా నర్సులకు ఆదర్శమైన ఫ్లారెన్స్ నైటింగేల్ దీపం కథ కూడా ఎత్తాను. మా ఆయమ్మ అంతా విని అంది: “సేవ జేస్తం మేడం. గా కిరాణ కొట్టాయనకు గూడ జెర సేవాభావం చెప్పుండ్రి, ఉద్దెర ఇస్తలేడు.”

ఆ తర్వాత నేను ఆ అంశం మీద మాట్లాడలేదు. ఫైలు పట్టుకుని ఏజెన్సీ చుట్టూ, ఆఫీసు చుట్టూ తిరిగాను. హెర్జ్‌బర్గ్ అనే ఆయన 1959లోనే చెప్పాడు, జీతం, పని చోటు సరిగ్గా లేకపోతే మనిషికి అసంతృప్తి వస్తుంది, అవి ఇచ్చినంత మాత్రాన ఉత్సాహం రాదు, ఉత్సాహం పని లోపల్నుంచి రావాలి అని. కొంతమంది పెద్దసార్లు దీంట్లో రెండో సగమే చదువుతారు. జీతం ముఖ్యం కాదట కదా అంటారు! కడుపు కాలే మనిషికి లోపలి ప్రేరణ గురించి చెప్పడం మోసం. ఇక్కడ పెద్దసార్లు ఉంటే ఏమనుకోకండి. అనుకున్నా నేను రిటైరయ్యాను.

టైమెంత ఉంది? పది నిమిషాలా? సరే, ప్రశ్నలు అడగండి.

ఆ సార్ అడుగుతున్నది ఏమిటంటే: టార్గెట్ పైనుంచి వస్తుంది, నా చేతిలో ఏమీ లేదు, నేనెలా ఇన్‌స్పైర్ చేయాలి? బ్యాంకా సార్ మీది? సార్, నా చేతిలోనూ ఏమీ లేదు. మంచాల సంఖ్య, స్టాఫ్ సంఖ్య, సబ్బు బ్రాండు, ఏదీ నాది కాదు. కుళాయి నా చేతిలో ఉంది, వరండా నా చేతిలో ఉంది, చార్టు నా చేతిలో ఉంది. మీరు లోన్ ఇచ్చిన రైతు మిర్చి అమ్ముకుని ఎనుమాముల మార్కెట్ నుంచి వస్తాడు కదా, ఆ సంతకం తీసుకున్న క్లర్కు ఆయన్ను మళ్లీ ఎప్పుడైనా చూశాడా? అక్కడ వెతకండి. టార్గెట్ మారదు. అబద్ధం చెప్పను.

ఇంకొకరు, అమ్మా గట్టిగా. అన్నీ చేసినా మారనివాళ్లు ఉంటే? ఉంటారు. మాకూ ఒకామె ఉండేది. అన్నీ చేశాను, మారలేదు. ఆమెకు ఈ పనే ఇష్టం లేదు, ఇంట్లోవాళ్లు చేర్పించారు. చివరికి తనే అడిగి రికార్డు సెక్షన్‌కు పోయింది. అక్కడ చాలా బాగా చేసిందట. ఆమె కోసం మాత్రం నిఘా ఉంచాను, దాచను. పక్కన కిలో బిడ్డ ఉన్నప్పుడు నేను ఒకరి మనసు మారేదాకా ఎదురుచూడలేను. అప్పుడు గట్టిగానే చెప్పాలి. కానీ ఒక్కామె కోసం పెట్టిన రూలు పదిహేను మంది మీద రుద్దకూడదు, నేను మొదట చేసింది అదే.

ఆయమ్మ ఏమైందని అడుగుతున్నారు. ఆమె ఒక పని మొదలుపెట్టింది. కొత్త సబ్బు సీసా పెట్టిన రోజు దాని మీద మార్కర్‌తో తారీకు రాస్తుంది. ఎవరూ చెప్పలేదు. ఆమెకు అంకెలు తప్ప రాయడం రాదు. వార్డులో అందరూ దాన్ని ఆయమ్మ తారీకు అంటారు. పాలంపేటలో గుడి కట్టించింది కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. యునెస్కో గుర్తింపు వచ్చింది 2021లో. జనం మాత్రం శిల్పి పేరంటూ రామప్ప గుడి అనే అంటారు. రుద్రుడికి కోపం వచ్చినట్టు ఎక్కడా చదవలేదు. నేను కూడా దానికి హెడ్ నర్సు తారీకు అని పేరు పెట్టలేదు.

ఆ రిజిస్టరా? ఉంది. ఆడిట్‌కు కావాలి కదా, సంతకాలు ఇప్పటికీ పెడుతున్నారు.

మొన్న పాత స్టాఫును పలకరిద్దామని వెళ్లాను. గుమ్మం దగ్గర ముందు సీసా మీద తారీకు చూశాను, అలవాటు పోలేదు. రెండు రోజుల కిందటిది, అడుగుకు వచ్చేసింది. లోపలికి పోబోతుంటే ఒక కొత్త నర్సు, నన్నెరగని పిల్ల, చెయ్యి అడ్డం పెట్టింది. “అమ్మా, ఎవరు మీరు? ఎవరైనా సరే, ముందు చేతులు. మోచేతుల దాకా” అంది. నేను మాజీ హెడ్ నర్సునని చెప్పబోయి ఊరుకున్నాను. కుళాయి మోచేత్తో తిప్పి కడుక్కున్నాను. ఆ పిల్ల రెండు నిమిషాలూ పక్కనే నిలబడింది.